వెళ్ళొస్తాననకూడని ఆసుపత్రి

భ్రమరాంబగారి ఒంట్లో పుట్టుకతో వచ్చినవేవో, తరవాత వచ్చి చేరినవేవో విడదీసి చెప్పడం ఆ ఆసుపత్రిలో అందరికీ సరదాగా ఉండేది. ఎడమ భుజం మీద రూపాయి కాసంత టీకా మచ్చ. చిన్నప్పుడు క్షయ వస్తే, అప్పుడప్పుడే ఊళ్ళోకి దిగిన ఇంజెక్షన్లతో బాగుపడిన ఊపిరితిత్తులు. రెండు కళ్ళలోనూ లెన్సులు. కుడి మోకాలిలో లోహపు కీలు. ఇప్పుడు కొత్తగా గుండెలో వాల్వు. ఛాతీ కొయ్యకుండా, తొడ దగ్గర నరంలోంచి తీగ మీద పంపించి, లోపలికి వెళ్ళాక గొడుగు విప్పినట్టు విప్పారట. మరి పాత వాల్వుని ఏం చేశారని ఆవిడ అడిగింది. అదీ అక్కడే ఉంది, గోడకి జరిపామన్నారు. ఆ మాట ఆవిడకి నచ్చింది. కొత్తవాళ్ళొచ్చారని పాతవాళ్ళని వీధిలోకి గెంటకుండా, కాస్త పక్కకి జరిగి కూర్చోమన్నట్టుంది.

సంస్థ డైరెక్టరు డాక్టర్ హయగ్రీవరావుగారికి మాత్రం ఆవిడ రోగిలా కనిపించలేదు. ఆదివారం మంత్రిగారి చేతుల మీదుగా 'ఒక్క జీవితకాలం' అనే ప్రదర్శన ప్రారంభం కావలసి ఉంది. కిరసనాయిలు దీపం కింద పుట్టిన మనిషి గుండెలో తీగ మీద వాల్వు దింపేదాకా విజ్ఞానం ఎంత దూరం నడిచిందో ప్రజలకి చూపించాలి. దానికి గాజు బీరువాలూ బొమ్మలూ ఎందుకు, అన్నీ ఒకే ఒంట్లో ఉన్న మనిషి దొరికినప్పుడు? "మీరు నడిచే శతాబ్దం అమ్మా" అన్నాడాయన. "ఇంకా ఇరవై ఏళ్ళు తక్కువ బాబూ" అంది భ్రమరాంబ.

ప్రదర్శనకి కారు పంపిస్తే వస్తానని ఒప్పుకుంది గానీ, అంతవరకూ అక్కడ ఉండడం ఆవిడ వల్ల కాదు. తునిలో వదిన సుభద్ర ఒక్కతే ఉంది. భర్త పోయినప్పటినుంచీ, ఆయన అక్కగారైన ఈ వదినా భ్రమరాంబా ఒకే కప్పు కింద బతుకుతున్నారు. వదినకి చెవులు సగం, కళ్ళు అంతకంటే తక్కువ. రెండు పూటలా ఇన్సులిన్ సూది వెయ్యాలి. మందు ఎంత ఎక్కిందో వదినకి కనబడదు. పక్కవాటాలో ఉన్న నర్సమ్మాయి ఈ నాలుగు రోజులూ వేస్తోంది గానీ, ఆదివారం సాయంత్రం రైలుకి ఉద్యోగంలో చేరడానికి పోతోంది. ఆ లోపల భ్రమరాంబ ఇంట్లో ఉండాలి. అంతే ఆవిడకి కావలసింది.

బుధవారం పొద్దున్న డిశ్చార్జి చేశారు. తల దువ్వుకుని, సంచీ సర్దుకుని, కౌంటరు దగ్గరికి వచ్చింది. అక్కడ పోస్టుడబ్బా అంత యంత్రం ఒకటి నిలబెట్టారు. దాని పేరు శ్రవణ. నెత్తిన మూడు దీపాలు, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు. ఇంటికి పంపిన రోగి నెల తిరక్కుండా మళ్ళీ చేరితే ఆ ఆసుపత్రి రేటింగులో ఒక నక్షత్రం తగ్గిస్తామని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పటినుంచి హయగ్రీవరావుగారికి నిద్ర లేదు. మనిషి గుమ్మం దాటేటప్పుడు అనే ఆఖరి మాటలో లోపలి ఉద్దేశం బయటపడుతుందని ఆయన ఎక్కడో చదివాడు. ఆ మాట విని రోగి మళ్ళీ వస్తాడో రాడో తేల్చిచెప్పడానికి తెప్పించిందే శ్రవణ. ఆవిడదే తొలి డిశ్చార్జి కావాలని డైరెక్టరుగారు స్వయంగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీరు చెప్పదలచుకున్నది చెప్పండి" అంది యంత్రం తియ్యగా.

భ్రమరాంబ చేతులు జోడించింది. "మీ చలవ వల్ల మళ్ళీ మనిషినయ్యాను తల్లీ. వెళ్ళొస్తాను."

ఎర్రదీపం వెలిగింది. "వెళ్ళుట గుర్తించబడినది. వచ్చుట గుర్తించబడినది. రోగికి తిరిగి వచ్చు ఉద్దేశము కలదు" అంది శ్రవణ. అద్దాల తలుపు మూసుకుంది.

అది ఊరికే అనే మాటని భ్రమరాంబ చెప్పబోయింది. హయగ్రీవరావుగారు బాధగా తలాడించాడు. "ఊరికే అనే మాటంటూ ఒకటి లేదమ్మా. అది మనస్తత్వశాస్త్రం ఎప్పుడో తేల్చేసింది. మీ శరీరం సంపూర్ణంగా స్వస్థత పొందింది. సంకల్పంలో మాత్రం వ్యాధి మిగిలిపోయింది. అసంపూర్ణ వైద్యంతో రోగిని పంపే సంప్రదాయం ఈ సంస్థకి లేదు." సంచీని ఎవరో వార్డుకి మోసుకెళ్ళారు. ఆవిడ సంచీ వెనక నడిచింది.

మధ్యాహ్నం మనస్తత్వ నిపుణుడు ప్రద్యుమ్న వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెత్తటి గడ్డం, మెత్తటి గొంతు. ఆవిడ జబ్బుకి పునరాగమన వాంఛ అని పేరు పెట్టాడు. 'వెళ్తున్నాను' అనో 'పోతున్నాను' అనో తేలిగ్గా అనొచ్చు కదా, ఏమడ్డొస్తోందని అడిగాడు. అలా ఎవరూ అనరు బాబూ అంది. అంటే ఏమవుతుందన్నాడు. ఏమీ అవదు, కానీ అనం అంది. అతను తృప్తిగా తల పంకించాడు. ఆవిడకి దగ్గరివాళ్ళెవరైనా 'పోతున్నాను' అని గుమ్మం దిగి, మళ్ళీ రాలేదా అని అడిగాడు, ఈ ప్రశ్నకే వచ్చినట్టు ముందుకి వంగి.

"లేదు బాబూ. మా ఆయన ఆ రోజు పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతూ వెళ్ళొస్తాననే అన్నారు."

"వచ్చారా?"

"తీసుకొచ్చారు."

ప్రద్యుమ్న చేతిలో కాగితాలు కాసేపు పక్కన పెట్టాడు. ఆ కాసేపూ ఆవిడకి అతను మంచివాడనిపించింది. తరవాత గొంతు సవరించుకుని, ఆ మాట పనిచెయ్యదని ఆవిడ అంతరంగానికి ఏనాడో తెలుసనీ, తెలిసి కూడా వదలడం లేదంటే వ్యాధి వేళ్ళు చాలా లోతుకి దిగాయనీ, అలాంటి కేసు తన చేతికి రావడం తన అదృష్టమనీ చెప్పాడు.

అప్పటికే ఎర్రదీపం వెలిగినవాళ్ళు మరికొందరు పోగయ్యారు. సాయంత్రం అందరినీ హాల్లో కూర్చోబెట్టి ప్రద్యుమ్న చిటికెలు వేస్తూ 'పోతున్నాను' అనిపించాడు. కిడ్నీలవాళ్ళు, గుండెలవాళ్ళు, మోకాళ్ళవాళ్ళు ఏకకంఠంతో పోతున్నామన్నారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు కొందరు చెవులు మూసుకుని బయటికి నడిచారు. భ్రమరాంబ పెదాలు కదిపింది గానీ గొంతు కలపలేదు.

గదికొచ్చాక, స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ప్రయత్నించి చూసింది. మాట పళ్ళ దాకా వచ్చి ఆగింది. ఎందుకాగిందో చూద్దామని లోపలికి తొంగి చూసుకుంది. శకునాల మీద ఆవిడకి నమ్మకం లేదు. తుమ్మితే ఆగే మనిషి కాదు. భయమా అంటే, గుండెలో తీగ దిగుతున్నప్పుడే భయం వెయ్యలేదు. తీరా వెతికితే అక్కడ కనిపించింది వదిన. ఆసుపత్రికి బయల్దేరిన రోజు వదిన గుమ్మంలో నిలబడి, సరిగ్గా కనబడని కళ్ళతో ఆటో ఉన్న దిక్కు కాకుండా ఇంకో దిక్కు చూస్తోంది. వెళ్ళొస్తాను వదినా అని గట్టిగా అరిచి చెప్పింది తను. ఆ మాటలో వెళ్ళడం అయింది. రావడమే మిగిలింది. సగం తీర్చిన మాట నోట్లో ఉండగా దాని మీద ఇంకో మాట ఎలా పెట్టడం?

ఇంతలో వదినే ఫోను చేసింది. చెవిటివాళ్ళందరిలాగే అవతలివాళ్ళకీ వినబడదన్నట్టు మాట్లాడుతుంది. "ఎప్పుడొస్తావే? ఆ పిల్ల సామాను కట్టేస్తోంది. నువ్వు రాకపోతే సూది నేనే పొడుచుకుంటాలే, గుడ్డిగా ఎక్కడో అక్కడ." అలాంటి పని చెయ్యొద్దని, ఆదివారం సాయంత్రం లోపల వస్తానని భ్రమరాంబ ఒట్టు పెట్టినంత పని చేసింది. ఆఖర్న అలవాటుగా "ఉంటాను వదినా" అంది. భ్రమరాంబ ముప్ఫై ఏళ్ళు, దూరపు ఊళ్ళకి ఫోన్లు కలిపే ట్రంకు ఎక్స్ఛేంజీలో పనిచేసింది. నిమిషాలకి డబ్బు కట్టి మాట్లాడే రోజుల్లో కూడా జనం అసలు కబురు గబగబా చెప్పేసి, ఉంటాను మరి, ఉంటానేం, అనడానికి మాత్రం తీరుబాటు చేసుకునేవాళ్ళు. ఆవిడ చేతి కింద ఎన్ని తీగలు మారాయో, తీగలే లేని రోజులొచ్చాయి గానీ, ఆ మాట మారలేదు.

గోడ మీద సబ్బుపెట్టెంత శ్రవణ ఒకటి ఉంది. పెద్ద శ్రవణ పిల్ల. "రోగి ఇచ్చటనే ఉండుటకు స్వచ్ఛందముగా సమ్మతించినది" అంది. పడక ఇంకో వారం పొడిగించినట్టు సిస్టర్ రోజ్‌లీన్ వచ్చి చెప్పింది. చెప్పి, చుట్టూ చూసి, చెవిలో, "ఏమీ మాట్లాడకండి అమ్మా. మేమందరం మానేశాం" అంది.

నిజంగానే మానేశారు. మర్నాటికి వార్డు మూగబోయింది. తల పగిలిపోతోందన్న మనిషిని నరాల ఆపరేషనుకి తీసుకెళ్ళారు. కూతురు కట్టించిన ఇల్లు చూస్తే కడుపు నిండిందన్న ఆవిడకి రెండు పూటలు భోజనం ఆపేశారు. రోగులు చేతులతో సైగలు చేసుకుంటున్నారు. డైరెక్టరుగారు వార్డులోంచి నడుస్తూ, ఫిర్యాదు చేసే గొంతు ఒక్కటీ లేకపోవడం గమనించి, ఈ నిశ్శబ్దమే ఆరోగ్యానికి పరమ లక్షణమని వెంట ఉన్నవాళ్ళతో అన్నాడు.

గురువారం భ్రమరాంబ తేల్చుకుంది. మాట ఒక్కటి మింగితే వదిన ప్రాణం నిలబడుతుంది. కౌంటరు దగ్గరికి నడిచి, కళ్ళు మూసుకుని, జన్మలో ఏ గుమ్మంలోనూ అనని మాట అంది.

"పోతున్నాను."

తెల్లదీపం వెలిగింది. "రోగి పోవుచున్నది. రోగి పోవుచున్నది." ఎక్కడెక్కడి గంటలో మోగాయి. నలుగురు పరుగెత్తుకొచ్చి ఆవిడని ఎత్తి బల్ల మీద పడుకోబెట్టారు. నేను బాగానే ఉన్నానని ఆవిడ అంటూనే ఉంది. ఆఖరి క్షణాల్లో అందరూ అదే అంటారని ఒక డాక్టరు ముక్కుకి ఆక్సిజను తగిలించాడు. అయిసీయూలో తెరల మీద ఆవిడ గుండె చక్కగా కొట్టుకుంటోంది. అంత చక్కగా కొట్టుకోవడం సకాలంలో అందిన చికిత్స ఫలితమని రాసుకున్నారు. విచారణ కూడా జరిగింది. పోతున్నామనిపించడం మనస్తత్వ విభాగం బాధ్యత. పోతున్నవాళ్ళని ఆపడం అత్యవసర విభాగం బాధ్యత. ఇద్దరూ తమ విధిని లోపం లేకుండా నిర్వర్తించారని తేలింది. ప్రదర్శనలో చూపించడానికి భ్రమరాంబగారి ఖాతాలో మరో ఘనత చేరినందుకు హయగ్రీవరావుగారు సంతోషించాడు.

అసలు గండం శుక్రవారం వచ్చింది. కదిరి ప్రాంతం నుంచి కిడ్నీలో రాళ్ళతో వచ్చిన ఓబులేసు అనే ఆయన, కోత లేకుండా రాళ్ళు పోయిన ఆనందంలో, కౌంటరు ముందు తువ్వాలు దులిపి "పోయొస్తా మా" అన్నాడు. శ్రవణకి ఎరుపూ తెలుపూ ఒకేసారి వెలిగాయి. "రోగి మరణించి, తిరిగి వచ్చును" అంది. ఆ మాటలో మరణాల లెక్కా దెబ్బతింటుంది, తిరిగి చేరినవాళ్ళ లెక్కా దెబ్బతింటుంది. ఒకే వాక్యం ఇన్ని నక్షత్రాలు రాల్చగలదని ఎవరూ ఊహించలేదు. అత్యవసర సమావేశం పెట్టి ఓబులేసుని పిలిపించి, ఏ ఉద్దేశంతో అన్నావని అడిగారు. "నేనేమంటి సామీ? మా ఊర్లో బర్రెగొడ్డుతో గూడా అట్లే చెప్తాం" అన్నాడాయన. ఆ బర్రె ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోమని ఒక అధికారిని నియమించారు. ఓబులేసుని భ్రమరాంబ పక్క మంచం మీదకి మార్చారు. సాయంత్రం డ్యూటీ దిగుతూ వాచ్‌మన్‌తో వెళ్ళొస్తానన్న కుర్ర డాక్టరుని ఓబులేసు పక్క మంచం మీదకి చేర్చారు. అతను తన నాడి తనే చూసుకుంటూ కూర్చున్నాడు.

శనివారానికి ఆసుపత్రిలోంచి బయటికి వెళ్ళిన రోగి ఒక్కడూ లేడు. కొత్తగా వచ్చినవాళ్ళని వరండాలో, మెట్ల మీద, స్కూటర్ల నీడలో పడుకోబెట్టారు. ఒకాయన సెలైన్ సీసా సైకిలు హ్యాండిల్‌కి వేలాడుతోంది. సైకిలు తనది కాదు. సైకిలు గలాయన వచ్చి ఎప్పుడైపోతుందని అడిగి, అక్కడే చతికిలబడ్డాడు. ఆ మధ్యాహ్నమే పైనుంచి అభినందన వచ్చింది. తిరిగి చేరిన రోగుల సంఖ్య సున్నా అయిన ఏకైక సంస్థ ఇదేనట. ఎవరూ వెళ్ళనప్పుడు తిరిగి రావడం ఎలా కుదురుతుందని కుర్ర డాక్టరు మంచం మీంచి అన్నాడు. అతనికి నిద్రమాత్ర ఇచ్చారు.

ఆదివారం మంత్రిగారి ముందు కనీసం ఒక్క రోగిని ఆకుపచ్చ దీపంతో సాగనంపాలి. డైరెక్టరుగారు వేసిన కమిటీ రాత్రంతా కూర్చుని, ఏ దీపానికీ చిక్కని వాక్యం ఒకటి తయారుచేసింది. ప్రద్యుమ్న దాన్ని భ్రమరాంబ చేత వల్లె వేయించాడు. అతని కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. నాలుగైదుసార్లు చెప్పించాక, ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "మా అమ్మతో ఫోన్లో మాట్లాడి పెట్టేసేటప్పుడు ఏమనాలో తెలియడం లేదండి. రెండు రోజులైంది, చెప్పకుండానే పెట్టేస్తున్నాను" అన్నాడు. ఆవిడ అతని చెయ్యి తట్టింది. నోటితో ఏమైనా అంటే ఇద్దరికీ ప్రమాదం.

ప్రదర్శన ఘనంగా జరిగింది. చక్రాల కుర్చీలో కూర్చున్న భ్రమరాంబ భుజం మచ్చనీ, మోకాలినీ, కళ్ళనీ మంత్రిగారు వరసగా చూశారు. వాల్వుని మాత్రం చూడలేకపోయినందుకు విచారించారు. హయగ్రీవరావుగారు ఒక్క జీవితకాలంలో మానవుడు జయించినవాటిని గంటసేపు వర్ణించి, "ఇంతటితో సెలవు తీసుకుంటున్నాను" అని ముగించాడు. వేదిక మీద ఉన్న శ్రవణ ఆయన సెలవుని వెంటనే మంజూరు చేసింది. ఆ క్షణం నుంచి ఆయన మాట ఆసుపత్రిలో ఏ తలుపూ వినలేదు.

భ్రమరాంబ లేచి నిలబడింది. వాకిట్లో మధ్యాహ్నం ఎండ దిగుతోంది. నాలుగు గంటల బస్సు దొరికితే చాలు. వల్లె వేసిన వాక్యాన్ని తనది కాని గొంతుతో అప్పజెప్పింది.

"నేను ఈ ప్రాంగణము నుండి నిష్క్రమించుచున్నాను. పునరాగమనోద్దేశము లేదు."

ఆకుపచ్చ వెలిగింది. తలుపులు తెరుచుకోసాగాయి. జనం చప్పట్లు కొట్టారు. తలుపులు పూర్తిగా తెరుచుకోకముందే శ్రవణ, తయారైనప్పుడు ఎవరో నేర్పిన మర్యాద మొదటిసారి బయటపెట్టింది. "ధన్యవాదాలు. మళ్ళీ రండి."

తనన్న మాటే శ్రవణకి వినబడింది. ఎర్రదీపం వెలిగింది. "తిరిగి రమ్మని ఆహ్వానము అందినది. చెప్పినది ఎవరు? చెప్పినది ఎవరు?" అంటూ తనలో తను గిరగిరా తిరిగింది. తలుపులు సగంలో ఆగిపోయాయి. హయగ్రీవరావుగారు ఆజ్ఞలిచ్చాడు గానీ ఆయన సెలవులో ఉన్నాడు. ఆ సందులోంచి భ్రమరాంబ పక్కకి తిరిగి బయటపడింది. మళ్ళీ రండి అంటే జవాబు చెప్పడం ఆవిడకి చిన్నప్పటి అలవాటు. 'అలాగేనమ్మా, వస్తాను' అన్న మాట గొంతులోకి వచ్చేసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గేటు దాటేదాకా అలాగే నడిచింది. చూసినవాళ్ళు ఏడుస్తోందనుకున్నారు.

తుని చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. నర్సమ్మాయి అప్పుడే ఆటో ఎక్కుతోంది. సూది ఎక్కడుందో చేత్తో చూపించి వెళ్ళిపోయింది. వదిన మంచం మీద కూర్చుని చొక్కా తొడిగించుకునే చిన్నపిల్లలా చెయ్యి చాపింది. భ్రమరాంబ మందు కొలిచి సూది వేసింది. అప్పుడు గానీ తను కూర్చోలేదు.

"వాళ్ళకి చెప్పొచ్చావా?" అని అడిగింది వదిన.

చెప్పకుండా వచ్చేశానంది భ్రమరాంబ, చెవి దగ్గర నోరు పెట్టి. ఎందుకో వివరించే ఓపిక లేదు. వదిన మొహం చిన్నబుచ్చుకుంది. గుండె బాగుచేసి పంపినవాళ్ళకి ఒక్క మాట చెప్పకుండా వచ్చేస్తారా, వాళ్ళేమనుకుంటారు, మనింటి మర్యాద ఏమైందని సాధించి సాధించి ఫోను చేయించింది. అవతల శ్రవణే ఎత్తింది. దానికి తనలోనే పునరాగమన వాంఛ బయటపడినందువల్ల ఓబులేసు పక్కనే మంచం వేశారట. అక్కడినుంచే విధులు నిర్వర్తిస్తోంది. భ్రమరాంబ నోరు తెరిచి, మూసింది. ఏ మాటైనా ఏదో ఒక దీపం వెలిగిస్తుంది. వదిన ఓపిక పట్టలేక ఫోను లాక్కుంది.

"మా మరదలి ప్రాణం నిలబెట్టారు, చల్లగా ఉండండి. వీలు చూసుకుని ఇద్దరం వచ్చి కనబడతాం. ఉంటాను మరి" అని, తృప్తిగా పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే వీధిలో అంబులెన్సు ఆగింది. డ్రైవరూ అతని తోడువాడూ దిగి, ఇద్దరు ఆడవాళ్ళు తిరిగి వచ్చి ఉండడానికి ఒప్పుకున్నారట, తీసుకెళ్ళడానికి వచ్చామన్నారు. తెల్లవారుజామున బయల్దేరిన మొహాలు. ఒక్కొక్కరి మెడలో పిల్ల శ్రవణ వేలాడుతోంది. భ్రమరాంబకి వాళ్ళని చూస్తే కోపం రాలేదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. వాళ్ళు తాగి, గ్లాసులు కింద పెట్టి లేచారు.

"స్ట్రెచర్లు బండిలో ఉన్నాయమ్మా. వెళ్ళొస్తాం" అన్నాడు డ్రైవరు.

రెండు మెడల్లోనూ ఎర్రదీపాలు వెలిగాయి. తోడువాడు డ్రైవరు మొహంలోకి చూశాడు. ఇంతకుముందు అనుభవమున్న మనుషులు కాబోలు, మారుమాటాడకుండా వెళ్ళి, బండి వెనక తలుపు తీసుకుని, చెరో స్ట్రెచరు మీద పడుకున్నారు. బండి నడిపేవాళ్ళు లేక అక్కడే నిలబడింది.

లోపల్నించి వదిన కేకేసింది. "ఏవే, వాళ్ళు వెళ్ళారా?"

భ్రమరాంబ రెండో విడత కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టింది.

"వెళ్ళొస్తామన్నారు వదినా. అందుకని ఇక్కడే ఉన్నారు."